50 గ్రాముల క్రోమియానికి 800 గ్రాముల అన్నభేది

బెంగళూరు నుంచి హోసూరు వస్తుంటే అత్తిబెలె దాటగానే తగిలే తమిళనాడు సరిహద్దు ఊరు జూజువాడి. ఈ చుట్టుపక్కలంతా వాహన పరిశ్రమ. వాహన భాగాలు తుప్పు పట్టకుండా, మెరుపు తగ్గకుండా క్రోమ్ పూత వేయడం ఈ పరిశ్రమలో మామూలే. పూత తొట్టెలో సాధారణంగా ఉండేది +6 స్థితిలోని క్రోమియం. అది క్యాన్సర్ కారకం. పూత వేసిన భాగాలను కడిగిన నీళ్లలోకీ అదే దిగుతుంది. ఆ నీటిని వాగుల్లోకి, చెరువుల్లోకి వదలాలంటే అందులో +6 క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదని 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనలు చెబుతున్నాయి.

దీనికి ఒక విరుగుడు అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఆమ్లం కలిపిన నీటిలో అది +6 క్రోమియాన్ని, విషం చాలా తక్కువైన +3 స్థితికి దించుతుంది. తర్వాత సున్నం వేస్తే క్రోమియం హైడ్రాక్సైడ్‌గా అడుగున పేరుకుంటుంది. మరి అన్నభేది ఎంత వేయాలి? రెడాక్స్ సమీకరణాన్ని తుల్యం చేస్తేనే తెలుస్తుంది.

పరమాణువులు సరిపోతే చాలదు

ఎడమవైపు +6 క్రోమియం ఉన్న 1 డైక్రోమేట్, 1 ఫెర్రస్, 14 హైడ్రోజన్ అయాన్లు. కుడివైపు 2 క్రోమిక్, 1 ఫెర్రిక్ అయాన్లు, 7 నీటి అణువులు రాయండి. పరమాణువులన్నీ సరిపోయాయి. ఇప్పుడు ఆవేశం కూడండి. ఎడమన −2, +2, +14 కలిపి +14. కుడిన +6, +3 కలిపి +9. సమీకరణం తప్పు.

అర్ధ చర్యలుగా విడదీస్తే

ఇనుము +2 నుంచి +3కు వెళ్తూ 1 ఎలక్ట్రాన్ వదులుతుంది. ఇది ఆక్సీకరణం. క్రోమియం +6 నుంచి +3కు దిగుతూ 3 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఇది క్షయకరణం. డైక్రోమేట్‌లో క్రోమియం పరమాణువులు 2, కాబట్టి 6 ఎలక్ట్రాన్లు కావాలి. అవి ఇవ్వడానికి 6 ఫెర్రస్ అయాన్లు ఉండాలి. ఇప్పుడు ఎడమన −2, +12, +14 కలిపి +24. కుడిన +6, +18 కలిపి +24. తుల్యమైంది.

తొట్టె దగ్గర లెక్క

ఒక్కో క్రోమియానికి 3 ఇనుములు. 1 మోల్ క్రోమియం 52 గ్రాములు. 1 మోల్ అన్నభేది స్ఫటికాలు 278 గ్రాములు, 3 మోల్‌లు 834 గ్రాములు. అంటే గ్రాము క్రోమియానికి 16 గ్రాముల అన్నభేది.

లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున క్రోమియం ఉన్న 1,000 లీటర్ల నీళ్లనే తీసుకోండి. మొత్తం 50 గ్రాములు, దానికి 800 గ్రాముల అన్నభేది. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొంత ఫెర్రస్‌ను తినేస్తుంది కనుక వాడుకలో ఇంకొంచెం ఎక్కువే వేస్తారు. మొదటి తప్పు సమీకరణాన్ని నమ్మితే ఆరో వంతు, దాదాపు 133 గ్రాములే వేస్తాం. అప్పుడు లీటరుకు దాదాపు 42 మిల్లీగ్రాముల విషం మిగిలిపోతుంది. అది పరిమితికి 400 రెట్ల పైమాటే.

అందుకే సమీకరణం రాసిన ప్రతిసారీ ముందు పరమాణువులు, ఆ వెంటనే ఆవేశం సరిచూసుకోండి. రెండోది వదిలేస్తే పరీక్షలో పోయేది ఒకట్రెండు మార్కులే. తొట్టె దగ్గర వదిలేస్తే మాత్రం ఆ నష్టం దిగువన ఆ నీళ్లు వాడుకునేవాళ్లది.