బిల్ట్ అనే ఒక్క వరుస

"కొత్త ఆర్ వేసుకున్నాను సార్, నా ప్యాకేజీలన్నీ పోయాయి," అంటూ లాప్‌టాప్ నా వైపు తిప్పింది ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ అమ్మాయి. డీప్లయర్ అనే ప్యాకేజీయే లేదంటోంది తెర.

ఎక్కడికీ పోలేదు. '4.4' అనే ఫోల్డర్లో భద్రంగా ఉన్నాయి. పక్కనే '4.5', ఖాళీగా. ఆర్ అనే ఈ గణాంక భాష వెర్షన్‌లో మూడు అంకెలుంటాయి. చివరిది మారితే చిన్న మరమ్మతులే. ఏటా ఏప్రిల్ ప్రాంతంలో రెండో అంకె మారుతుంది, అప్పుడు ప్యాకేజీలకు కొత్త ఫోల్డర్.

"పాతవి ఇందులోకి కాపీ చేసేస్తే సరిపోదా?"

ఈ ప్రశ్న నాకెంతో నచ్చింది. చాలా ప్యాకేజీల్లో సీ, సీ++, ఫోర్ట్రాన్ కోడ్ ఉంటుంది. ఆనాటి ఆర్ లోపలి అమరికకు సరిపోయేలా దాన్ని యంత్రభాషలోకి మారుస్తారు. ఆ అమరిక మారితే పాత ప్యాకేజీ కొత్త ఇంట్లో స్విచ్చి కోసం చీకట్లో తడుముకున్నట్టే. కొన్ని నడుస్తాయి, కొన్ని సెషన్‌నే కూల్చేస్తాయి.

కాపీ చేశాక అప్‌డేట్ ఆదేశం ఇచ్చినా లాభం లేదు. మన దగ్గరున్న ప్యాకేజీ వెర్షన్‌నూ, క్రాన్ అనే ఆర్ ప్యాకేజీల భాండాగారంలోని వెర్షన్‌నూ అది పోల్చుతుందంతే. రెండూ ఒకటైతే ముట్టుకోదు. కానీ ప్రతి ప్యాకేజీలో డిస్క్రిప్షన్ అనే ఫైలుంది చూడండి, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపించాను. చివర్లో 'బిల్ట్' అనే వరుస. రచయిత రాసింది కాదు. ప్యాకేజీని ఏ ఆర్ మీద తయారుచేశారో ఆ ఆరే వేసిన ముద్ర. అప్‌డేట్ ఆదేశానికి చెక్‌బిల్ట్ ట్రూ అని జోడిస్తే ఆర్ ఆ ముద్రను చదువుతుంది. వెర్షన్ సరిపోయినా, పాత ఆర్ మీద తయారైనదైతే మళ్లీ తెచ్చి వేస్తుంది. ఇంత పెద్ద చిక్కును ఒక్క వరుస విప్పేయడం నాకిప్పటికీ అబ్బురమే.

ఆక్లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన భాష ఆర్. 1997లో వియన్నా కేంద్రంగా మొదలైన క్రాన్‌లో ఇవాళ 20,000కు పైగా ప్యాకేజీలు. వెర్షన్ మార్పులు ఫలితాలనూ తాకుతాయి: 2019లో 3.6.0 వచ్చాక అదే సీడ్ (యాదృచ్ఛిక అంకెలకు మొదటి విలువ) ఇచ్చినా శాంపిల్ ఫంక్షన్ వేరే అంకెలు తీసింది, పాత పద్ధతిలోని చిన్న పక్షపాతాన్ని సరిదిద్దారు గనుక. అందుకే థీసిస్ మధ్యలో ఉన్నవాళ్లను వెర్షన్ మార్చవద్దంటాను.

ఆ అమ్మాయికి థీసిస్ ఇంకా మొదలవలేదు. పాత ప్యాకేజీలను కొత్త ఫోల్డర్లోకి కాపీ చేసి, చెక్‌బిల్ట్‌తో ఆదేశం టైపు చేసి ఎంటర్ కొట్టింది. పూర్తయ్యాక నేను చెప్పకుండానే మళ్లీ నోట్‌ప్యాడ్ తెరిచి, బిల్ట్ వరుసలో 4.5 ఉందో లేదో చూసుకుంది.