ప్రమాద హెచ్చరిక: నదికి, ప్రోగ్రాముకు

వానకాలములో భద్రాచలము పరిసరములవారు ఉదయము లేవగానే అడుగు ప్రశ్న "నీరెంత ఉన్నది?" అని. ఖమ్మము వైపునుండి అడవి దారిని వచ్చువారికిని, వంతెన దాటి దుమ్ముగూడెము, చర్ల పోవలసినవారికిని ఈ జవాబు ముఖ్యము. జవాబు అడుగులలో వచ్చును. గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టు 16న నది 75.6 అడుగులకు లేచినది. 2022 జులై 16న 71.3 అడుగులు తాకినది. ఆ వరదలో వంతెనపై రాకపోకలు నిలిపివేసిరి.

ఈ మూడు అంకెలు చూచుటకు చిన్నవే. నదిమట్టము గంట గంటకు మారుచుండును. 39, 40, 40 పావు అని కొలబద్ద చెప్పుచునే యుండును. అది వట్టి సమాచారము. ఏ అంకెవద్ద ఎవరు మేలుకొనవలెను, ఏ పని మొదలు పెట్టవలెను అన్నది వరదకు ముందే నిర్ణయించుకొనినప్పుడే అది హెచ్చరిక యగును. అర్ధరాత్రి నీరు వాకిట నిలిచిన తరువాత కూర్చుండి చర్చించుటకు వీలులేదు.

కంప్యూటరు ప్రోగ్రాములు నడుపువారికిని నేడు ఇదే సమస్య. పరీక్షా ఫలితములు చూపు ఒక వెబ్‌సైటును తీసికొందము. విద్యార్థి తన నంబరు పంపును; ప్రోగ్రాము మార్కులు వెదకి చూపును. ఎక్కడైన తప్పు జరిగినచో, ఆ తప్పు ఏమిటి, ఏ క్షణమున, ప్రోగ్రాములో ఏ వరుసవద్ద జరిగినది అను వివరము ఒక చిట్టాలో చేరును. ఈ చిట్టాను 'లాగ్' అందురు. ఇది మన కొలబద్దవంటిది. దానిని కనిపెట్టుచుండి, హద్దు దాటగానే మనిషిని పిలుచుటకు వేరొక ప్రోగ్రామును నియమింతురు.

మనిషిని పిలుచు ఏర్పాటు సరిగా లేనిచో ఏమగునో అమెరికాలో ఒకసారి తెలిసినది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అను షేర్ల వ్యాపార సంస్థ కొత్త ప్రోగ్రాముతో పని ప్రారంభించినది. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త ప్రోగ్రాము చేరలేదు. మార్కెట్టు తెరచుటకు ముందే ఒక లోపమును పేర్కొనుచు 97 ఈ-మెయిళ్లు సిబ్బందికి వెళ్లినవి. కాని వాటిని హెచ్చరికలుగా ఏర్పాటు చేసియుండలేదు. ఎవరును వాటిపై చర్య తీసికొనలేదు. మార్కెట్టు తెరచిన తరువాత దాదాపు 45 నిమిషములలో సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినది. కొలబద్ద పనిచేసినది, 43 అని గీత గీచినవారు లేరు.

ఇక ఆ గీతను ఎక్కడ గీయవలెను? మన వెబ్‌సైటునకు మామూలు రోజున 5 నిమిషములలో 2,000 విన్నపములు వచ్చుననియు, వానిలో 4 విఫలమగుననియు అనుకొందము. అనగా నూటికి 0.2. "40 తప్పులు దాటినచో పిలువుము" అని నియమము పెట్టితిమి. ఫలితములు వెలువడిన నాడు అదే 5 నిమిషములలో 2 లక్షల విన్నపములు వచ్చును. నిష్పత్తి మారకున్నను తప్పులు 400 అగును. లోపమేమియు పెరుగకయే గంట మ్రోగుచుండును. పోనీ, సంఖ్యకు బదులు "నూటికి 2 దాటినచో" అందుమా? రాత్రి 2 గంటలకు అయిదుగురే వచ్చి, అందులో ఒకరికి విఫలమైనచో నూటికి 20 అగును! కావున రెండును కలిపి చెప్పవలెను: కనీసము 100 విన్నపములు వచ్చియుండవలెను, వానిలో నూటికి 2 మించి విఫలము కావలెను. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచేత వేయింపవచ్చును. శాతములు ఎక్కడ మోసము చేయునో చక్కగా తెలియును.

మరియొక చిక్కు కలదు. తప్పులు 1.9, 2.1, 1.9 అని హద్దువద్దనే ఊగులాడినచో నిమిషమున కొకసారి హెచ్చరిక వచ్చుచు పోవుచుండును. అందువలన 2 దాటినప్పుడు మొదలిడి, 1కి దిగి పది నిమిషములు నిలిచిన తరువాతనే విరమించునట్లు ఏర్పరతురు. ఒకే లోపము పదివేల సార్లు జరిగినను ఒకే సందేశముగా కూర్చుటయు అవసరమే. "నాన్నా, పులి" కథ పిల్లలకేగాక ఇంజనీర్లకును చెప్పదగినది: ఊరకే మ్రోగు ఫోనును మూడవ రాత్రి ఎవరును ఎత్తరు.

భద్రాచలములోవలెనే ఇక్కడను మెట్లు ఉండుట మేలు. చిన్న లోపము ఉదయము చదువుకొను ఈ-మెయిలు కావచ్చును. ఫలితములే కనబడకున్నచో నిదుర లేపు ఫోను కావలెను. ఆ ఫోను ఎవరికి, వారు ఎత్తనిచో తరువాత ఎవరికి అన్నదికూడ వ్రాసి యుంచవలెను. "అందరికి" పంపిన సందేశము తరచు ఎవరిదియు కాదు.

ఎగువ సంగతియు చూడవలెను. ప్రాణహిత, ఇంద్రావతి నదుల నీరు పేరూరు దాటియే భద్రాచలము చేరును. కావున అక్కడి మట్టము ఇక్కడివారికి కొంత వ్యవధి ఇచ్చును. ప్రోగ్రామునకును ఇట్టి ఎగువ గుర్తులు కలవు: జవాబులు నెమ్మదించుట, డిస్కు నిండుచుండుట. డిస్కు నూటికి 80 వంతులు నిండినప్పుడే చెప్పినచో పగటిపూట సరిచేసికొనవచ్చును.

అన్నిటికన్న మోసకరమైనది నిశ్శబ్దము. కొలబద్దయే కొట్టుకొనిపోయినచో ఏ అంకెయు రాదు. రాకపోవుటను క్షేమమని భ్రమింతుము. అందుచేత "నేనున్నాను" అని ప్రోగ్రాము నిమిషమున కొకసారి తెలుపునట్లును, తెలుపనిచో అదియే హెచ్చరిక యగునట్లును చేయుదురు. కనిపెట్టు ప్రోగ్రామును అదే సర్వరులో ఉంచరు. రెండును ఒకేసారి మునుగును గదా. అప్పుడప్పుడు కావలెనని ఒక తప్పు చేయించి, ఫోను మ్రోగినదో లేదో చూతురు. 2023లో భారత ప్రభుత్వము విపత్తు హెచ్చరికల కొరకు సెల్‌ఫోనులకు పెద్ద శబ్దముతో పంపిన సందేశములు ఇట్టి పరీక్షలే. అది పరీక్ష మాత్రమేననియు, ఏ చర్యయు అవసరము లేదనియు ఆ సందేశములోనే వ్రాసియుండెను.