వెబ్‌సైట్ చేయిస్తున్నారా? డబ్బులు కట్టే ముందు డొమైన్ ఎవరి పేరు మీదుందో చూస్కోండి!

మిర్యాలగూడలో రైస్ మిల్లు, సూర్యాపేటలో హైవే పక్కన హోటల్, కోదాడలో ప్రైవేటు స్కూల్.. ఇప్పుడు ఎవరికైనా వెబ్‌సైట్ కావాల్సిందే. పెద్ద కంపెనీకి ఇచ్చే బడ్జెట్ లేనివాళ్లు ఫ్రీలాన్స్ డిజైనర్లను వెతుక్కుంటున్నారు. అయితే పని అప్పగించేటప్పుడు జాగ్రత్త పడకపోతే డబ్బులు మనవి, సైట్ మాత్రం వేరేవాళ్లది అవుతుంది.

ఎక్కడ వెతకాలి?
అప్‌వర్క్, ఫైవర్, లింక్డ్‌ఇన్‌లో చాలామంది ఉంటారు. మన దగ్గరా తక్కువేం లేరు. కోదాడలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, సూర్యాపేటలో 2023 అక్టోబర్‌లో ఐటీ హబ్ మొదలైంది. మీ ఊళ్లో ఏ షాపు సైటైనా బాగుంటే, ఎవరు చేశారో ఓనర్‌నే అడగండి. స్క్రీన్‌షాట్లు చూసి సరిపెట్టుకోవద్దు. డిజైనర్ చేసిన సైట్లను మీ ఫోన్‌లో ఓపెన్ చేసి చూడండి. పాత కస్టమర్లు ఇద్దరితో మాట్లాడండి.

అసలు మెలిక ఇక్కడే!
డొమైన్ అంటే మీ సైట్ అడ్రస్. ఏటా లేదా కొన్నేళ్లకోసారి రెన్యువల్ చేయాలి. చాలామంది "అదంతా నువ్వే చూస్కో తమ్ముడూ" అని డిజైనర్‌కే వదిలేస్తారు. అతను తన అకౌంట్‌లో కొంటే కంట్రోల్ అతని దగ్గరే ఉంటుంది. రేపు అతను ఫోన్ ఎత్తకపోయినా, ఊరు మారినా ఇబ్బంది మీకే. అందుకే డొమైన్, హోస్టింగ్ రెండూ మీ పేరు, మీ మెయిల్, మీ ఫోన్ నంబర్‌తోనే కొనండి. ఓటీపీ మీకే రావాలి. డిజైనర్‌కు వేరే లాగిన్ ఇస్తే చాలు.

కాగితం మీద ఉండాల్సిందే
1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, మీ దగ్గర ఉద్యోగి కాని వ్యక్తి చేసిన డిజైన్‌పై మామూలుగా మొదటి హక్కు ఆ వ్యక్తిదే. డబ్బులిచ్చినంత మాత్రాన అది మీకు రాదు. హక్కులు బదిలీ చేస్తున్నట్లు రాతపూర్వకంగా సంతకం ఉండాలి. ఎన్ని పేజీలు, ఎప్పటికి పూర్తి, ఎన్నిసార్లు మార్పులు, ఏడాదికి మెయింటెనెన్స్ ఎంత అనేవి కూడా అందులోనే రాయించుకోండి.

పేమెంట్ ఎలా?
మొత్తం ముందే ఇచ్చేయొద్దు. కొంత అడ్వాన్స్, డిజైన్ ఓకే అయ్యాక కొంత, సైట్ లైవ్ అయ్యాక మిగతాది. యూపీఐ లేదా బ్యాంక్ ద్వారా పంపితే రికార్డు ఉంటుంది. చివరి విడతకు ముందే అడ్మిన్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఫైల్ తీసుకోండి. ఆ వెంటనే పాస్‌వర్డ్‌లు మార్చేయండి.