ఎండ పెరుగుతోంది.. మరి ఆశ ఎక్కడుంది? హజ్ చెబుతున్న లెక్క

ఎండాకాలం వస్తే చాలు, ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "ఇంకేముంది, దునియా పని అయిపోయింది. పిల్లల కాలానికి ఈ భూమ్మీద బతకడం కష్టమే" అని కొందరు. "ఏం కాదులే, ఎండలు ఎప్పుడు లేవు? సైన్సువాళ్లు ఏదో ఒకటి కనిపెడతారు" అని ఇంకొందరు. ఒకటి నిరాశ, రెండోది ఆశ. కానీ రెండింటి ఫలితం ఒక్కటే: చేయాల్సిన పని ఎవరూ చేయరు.

మరి ఏది నిజం? మన కుటుంబాలన్నింటికీ తెలిసిన హజ్‌నే చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

2024లో ఏం జరిగింది?

2024 జూన్‌లో హజ్ సమయంలో మక్కాలోని మస్జిదుల్ హరామ్ దగ్గర వేడి 51.8 డిగ్రీలకు చేరింది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. ఈ సంఖ్య చాలామందికి గుర్తుంది. అదే ప్రకటనలోని ఇంకో సంఖ్య అంతగా గుర్తులేదు. చనిపోయినవారిలో 83 శాతం మంది హజ్ అనుమతి లేకుండా వచ్చినవారు. విజిట్ వీసా మీద వచ్చినవాళ్లు వారిలో ఎంతోమంది.

అనుమతి లేదంటే మినాలో ఏసీ గుడారం లేదు, హాజీల బస్సు లేదు. నీడ లేకుండా, మండే ఎండలో కిలోమీటర్ల కొద్దీ నడవాల్సిందే. ఎండ అందరి మీదా ఒకేలా కాసింది. నీడ మాత్రం అందరికీ దొరకలేదు.

నలభై ఏళ్ల లెక్క

ఇదే హజ్ మీద సౌదీ పరిశోధకులు సుమారు 40 ఏళ్ల లెక్కలు తీసి 2024లో ప్రచురించారు. మక్కాలో ప్రతి పదేళ్లకు దాదాపు 0.4 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతూ వచ్చింది. అయినా వడదెబ్బ కేసులు దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గాయి. వడదెబ్బ తగిలినవారిలో చనిపోయేవారి శాతం సుమారు సగం తగ్గింది. నీడ ఉన్న దారులు, నీళ్లు చిమ్మే ఫ్యాన్లు, ఏసీ గుడారాలు, దగ్గర్లోనే వైద్యం.. ఇలాంటి ఏర్పాట్ల వల్లే ఇది సాధ్యమైంది. 2025 హజ్‌లో అనుమతుల తనిఖీ గట్టిగా చేసి, నీడ ఇంకా పెంచారు. ఎండ వల్ల అస్వస్థత కేసులు అంతకుముందు ఏడాది కంటే 90 శాతం తగ్గాయని సౌదీ ఆరోగ్య శాఖ చెప్పింది.

అంటే "ఇక ఏమీ చేయలేం" అనే మాట తప్పు. ఏర్పాట్లు ప్రాణాలు కాపాడతాయి. కానీ వాటి లోపల ఉన్నవారినే కాపాడతాయి.

అలాగని ధీమాగా ఉండొచ్చా?

ఉండకూడదు. ఖాతాలో జమ చూసినట్టే ఖర్చు కూడా చూడాలి. నీడకూ ఏసీకీ డబ్బు కావాలి, కరెంటు కావాలి. ఆ కరెంటు చమురు, బొగ్గుల నుంచి వస్తే వేడి ఇంకా పెరుగుతుంది. గాలిలో తేమ బాగా ఎక్కువైతే చెమట ఆరదు, శరీరం చల్లబడదు. అప్పుడు ఒట్టి ఫ్యాన్లు సరిపోవు.

ప్రపంచం లెక్క కూడా ఇలాగే రెండు వైపులా ఉంది. 2024 ఇప్పటివరకూ నమోదైన సంవత్సరాల్లో అత్యంత వేడి సంవత్సరం. ఇది నష్టం వైపు. 2015 పారిస్ ఒప్పందానికి ముందు, ఈ శతాబ్దం చివరికి భూమి దాదాపు 4 డిగ్రీలు వేడెక్కుతుందని అంచనా వేసేవారు. ఇప్పుడు అమల్లో ఉన్న విధానాలతో ఆ అంచనా 3 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంది. సోలార్ ప్యానెళ్ల ధర ఒక్క దశాబ్దంలోనే సుమారు 90 శాతం పడిపోయింది. ఇది లాభం వైపు. 3 డిగ్రీలు కూడా చాలా ప్రమాదమే. కానీ 4 నుంచి 3కి రావడం దానంతట అది జరగలేదు.

మన ఇంటి దగ్గర

2010 మే నెల ఎండలకు అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,300 మందికి పైగా ఎక్కువ చనిపోయారు. 2013లో ఆ నగరం ఎండల ప్రణాళిక తెచ్చింది. ముందస్తు హెచ్చరికలు, తాగునీటి కేంద్రాలు, ఆసుపత్రుల్లో సిబ్బందికి శిక్షణ అందులో భాగం. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఇంటి కప్పు మీద తెల్లటి పూత వేస్తే ఎండ వెనక్కి కొడుతుంది, లోపల వేడి తగ్గుతుంది. రేకుల ఇంట్లో, పై అంతస్తులో ఉండేవారికి ఇది పెద్ద ఊరట. మధ్యాహ్నం ఒంటరిగా ఉండే నానీ, దాదీలను ఒకసారి పలకరించడం, కూలి పనివారికి ఎండ వేళ సెలవివ్వడం కూడా ఏర్పాట్లే. అలాగే, విజిట్ వీసా మీద తక్కువ ఖర్చుతో హజ్ చేయిస్తామనే ఏజెంటు మాట వినకండి.

చంద్రమానం ప్రకారం హజ్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి ఇక కొన్నేళ్లు అది చల్లటి నెలల్లోకి వెళ్తుంది. మళ్లీ ఆగస్టు ఎండల్లోకి వచ్చేది 2050 ప్రాంతంలో. 2047 నుంచి 2052 వరకు హజ్‌లో వేడి ప్రమాదకర స్థాయి దాటవచ్చని ఎంఐటీ పరిశోధకులు 2019లోనే హెచ్చరించారు.

ఆ ఎండలో ఇహ్రాంతో నడిచేది ఇవాళ బడికి వెళ్తున్న మన పిల్లలే. అప్పటికి ఎంత వేడి ఉంటుంది, ఎందరికి నీడ దొరుకుతుంది అన్నది ఇంకా ఎవరూ రాసిపెట్టలేదు. మధ్యలో ఉన్న పాతికేళ్లలో పెద్దలు చేసే పనిని బట్టే అది తేలుతుంది.