ఉమ్మడి గోడ - సంగీతపు గది



నేను ముప్పదియేండ్లు బడిలో తెలుగు పండితుడనై పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. శబ్దమన్నచో నాకు తెలిసినది వ్యాకరణశబ్దమే. గోడ దాటి పొరుగువారి నిద్ర చెఱచు శబ్దమును గూర్చి విచారించుట మా మనుమని మూలమున కలిగినది.

మా యింటికిని పొరుగింటికిని నడుమ ఒకటే గోడ. మనుమడు మృదంగము నేర్చుచు, తన వాద్యమును యంత్రమున కెక్కించుకొనుటకై ఆ గోడప్రక్క గదినే యెన్నుకొనెను. ఆవలివారు నాతో కలిసి పనిచేసిన లెక్కల మాస్టరుగారు. వారి భార్య మంచము పట్టియున్నది. ఆయన న న్నొక్కమాటయు ననలేదు. సాయంకాలము మా యరుగుమీదికి వచ్చుట మాత్రము మానిరి. ఇంతకాలపు స్నేహము గోడ మూలమున చెడునా యని నాకు దిగులు పట్టుకొన్నది.

మొదట మేము చేసినది పలువురు చేయునదియే. గ్రుడ్ల అట్టలు, దూదిపరుపులు, దళసరి తెరలు గోడలనిండ తగిలించితిమి. గదిలో మ్రోత తగ్గి మృదంగము తేటగా పలికెను. సంతోషముతో పొరుగింటికి పోయి వినగా, పూర్వమెట్లో అప్పుడు నట్లే!

ఏలయన, గదిలోని మ్రోతను పీల్చుట వేఱు. ధ్వనిని బయటికి పోనీయకుండుట వేఱు. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక ఉపన్యాసశాలలో మాటలు మ్రోతలో మునిగిపోవుచుండగా, వాలెస్ సేబిన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు నాటకశాలనుండి మెత్తలు తెప్పించి పఱపించి, అవి పెరిగినకొలది మ్రోత నిలుచు కాలము తగ్గునని కొలిచి చూపెను. మెత్తనివస్తువుల పని యంతవఱకే. గోడ దాటు ధ్వని నాపునది బరువు.

నేను తర్కశాస్త్రము చదువునాడు, శబ్దము ఆకాశగుణమనియు, అల అలను పుట్టించినట్లు వీచీతరంగన్యాయమున వ్యాపించుననియు గురువుగారు చెప్పిరి. అల యన్నది నిజమే. కాని ఆ యలకు గాలియో, ఇటుకయో, ఇనుమో ఆధారముగా నుండవలెననియు, శూన్యమున ధ్వని లేదనియు నేటి భౌతికశాస్త్రము చెప్పును. గాలియల తాకగా గోడయే సన్నగా కంపించి ఆవలిగాలిని కదల్చును. గోడ బరువు రెట్టింపైనచో తగ్గునది సుమారు 6 డెసిబెళ్లు. చెవికి సగమైనట్లు తోచుటకు సుమారు 10 తగ్గవలెను. కావున తొమ్మిదంగుళముల గోడను పదునెనిమిదంగుళములు చేసినను సగము తగ్గినట్లు తోచదు. దాని కంటక వేఱొక గోడ నిలుపుటయే మేలు.

అంతకుముందు సందులు వెదకవలెను. గోడలో నూఱవవంతు తెఱపి యున్నచో, తక్కినది యెంత గట్టిదైనను 20 డెసిబెళ్లకు మించి తగ్గదు. మా గోడలో రెండిండ్లవారును విద్యుత్తు స్విచ్చుల పెట్టెలను ఎదురెదురుగా తొలిచియుండిరి. మాస్టరుగారి యనుమతితో వానిని వేఱుగోడలకు మార్చి, గుంటలు రెండువైపుల పూడ్చితిమి. బోలుతలుపు తీసి గట్టికొయ్య తలుపు పెట్టి, అంచులకు రబ్బరుపట్టీలు వేసితిమి.

పిమ్మట ఉమ్మడిగోడకు రెండంగుళముల యెడమున కొయ్యచట్రము నిలిపి, అందు రాతినార నించి, ఇవతల జిప్సము పలకలు రెండు వరుసలు, అతుకుమీద అతుకు పడకుండ బిగించితిమి. అంచుల సందులలో గట్టిపడని లప్పము పెట్టితిమి. వడ్రంగి యలవాటు చొప్పున చట్రమునుండి పాతగోడలోనికి పొడుగుమేకులు రెండు దిగగొట్టెను. కంపము వానిగుండ నేరుగా గోడ కెక్కును. కావున వానిని పెఱికించితిని. ఇట్లు మూసిన గదిలో ఊపిరి యాడవలెను గదా! వంకరలు తిరిగి, లోపల నార పఱచిన గొట్టమున చిన్న పంకా అమర్చితిమి.

మృదంగమున ఎడమమూత నాదము మాత్రము పూర్తిగా లొంగలేదు. సెకండుకు 100 కంపముల ధ్వనికి అల పొడవు గాలిలో సుమారు 3.4 మీటర్లు, అట్టి మంద్రధ్వనిని పలుచని పలకలు చాలినంత ఆపలేవు. అది నేలగుండను పోవును. దళసరి రబ్బరుమీద కొయ్యపీట వేసి మనుమని దానిపై కూర్చుండబెట్టగా మఱికొంత తగ్గెను.

మిగిలినదానికి మందు వేళయే. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు నివాసస్థలములకు 45 డెసిబెళ్లు హద్దు పెట్టినవి. కాని రోగి నిద్రించువేళ నియమములకు తెలియదు. కావున నేనే పోయి మాస్టరుగారి నడిగితిని. ఆమె మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వఱకును, రాత్రి ఎనిమిది దాటిన పిదపను నిద్రించునట. ఆ వేళలు కాగితముపై వ్రాసి గదితలుపునకు అంటించితిని.

మొన్న సాయంకాలము ఆయన మా యరుగుమీదికి వచ్చి కూర్చుండి, "ఏమండీ పండితులుగారూ, కుఱ్ఱవాడు ఊరికి పోయినాడా?" అని యడిగిరి. వాడు లోపల వాయించుచునే యుండెను.