జెర్రిపోతును చంపొద్దు

వరి కోతలు అయ్యాయి. గరిసె నిండింది. ఒకరోజు గరిసె పక్కన పెద్ద పాము కనపడింది. "పాము! పాము!" అంటూ అందరూ కర్రలు తీశారు. ఊళ్లో ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు.

"ఆగండ్రా! అది జెర్రిపోతు. దానికి విషం లేదు. ఎలుకల కోసం వచ్చింది" అన్నాడు.

ఆయన మాట నిజం. పొలంలో ఎలుకలు పైరు కొరుకుతాయి. ఇంట్లో గింజలు తింటాయి. జెర్రిపోతు ఆ ఎలుకల్ని తింటుంది. అందుకే అది రైతుకు నేస్తం.

జెర్రిపోతు ఆరేడు అడుగులు పెరుగుతుంది. చాలా చురుగ్గా పాకుతుంది. దీనికి పడగ లేదు. కాని నాగుపాము కూడా ఎప్పుడూ పడగ విప్పి ఉండదు. కాబట్టి ఏ పామో తెలియకపోతే దగ్గరికి పోకూడదు.

జెర్రిపోతు నాగుపాముకు మొగుడని కొందరంటారు. అది తప్పు. రెండూ వేరే జాతులు. రెండింటిలోనూ ఆడ, మగ ఉంటాయి.

విషం లేదు కదా, పట్టి పెంచుకోవచ్చా? కూడదు. 1972లో వచ్చిన వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పెంచడం, చంపడం నేరం. పాలు పొయ్యడం కూడా మేలు కాదు. పాము తిండి పాలు కాదు.

ఏ పాము కరిచినా మంత్రాలు, నాటుమందులు వద్దు. కోసి రక్తం తియ్యొద్దు. బిగించి కట్టు కట్టొద్దు. కరిచిన కాలు, చెయ్యి కదలనివ్వొద్దు. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి పోవాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

పెద్దాయన మాట విని అందరూ కర్రలు దించారు. జెర్రిపోతు గడ్డివాము వైపు పోయింది. దాని పని అది చేసుకుంటుంది.