గని దిబ్బల మీద గడ్డి – అది మేత కాదు

పాత గనుల వద్ద పోసిన మట్టి దిబ్బల మీద ఏళ్లు గడచినా గడ్డి మొలవదు. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో సీసం, జింకు, రాగి గనులు మూతపడిన తరువాత ఇదే జరిగింది. గాలికి దుమ్ము పక్క పొలాల మీదికి, వానకు మట్టి వాగుల్లోకి చేరేది. అటువంటి నేలను తిరిగి పచ్చబరచిన తీరును, అందులో పాడి రైతు గమనించవలసిన జాగ్రత్తను సభ్యులకు తెలియజేస్తున్నాము.

గడ్డి ఎందుకు మొలవదు? మట్టిలో మిగిలిన లోహాలు వేరును ఎదగనీయవు. నత్రజని, భాస్వరం చాలా తక్కువ. సేంద్రియ పదార్థం లేనందున తేమ నిలవదు. ఆమ్లగుణం ఎక్కువైతే లోహాలు మరింతగా కరిగి హాని చేస్తాయి.

అయినా కొన్ని దిబ్బల మీద అక్కడక్కడ గడ్డి దుబ్బులు బతికాయి. ఆంథొనీ బ్రాడ్‌షా, ఆయన తోటి శాస్త్రజ్ఞులు వీటిని పరిశీలించారు. మామూలు గడ్డి విత్తనం గని మట్టిలో చల్లితే దాదాపు అంతా చనిపోయి, వెయ్యికి ఏ ఒకటో రెండో మొక్కలు నిలుస్తాయి. ఆ తట్టుకునే గుణం వాటి విత్తనానికీ వస్తుంది. మేలైన పాడి ఆవు సంతతిని మనం ఎంచి పెంచుకొనడం వంటిదే ఇది. ఈ విధంగా ఎంచిన రకాలు మూడు. ఆమ్లగుణం గల సీసం, జింకు మట్టికి 'గోగినన్', రాగి మట్టికి 'పారిస్', సున్నపు పాలు గల సీసం, జింకు మట్టికి 'మెర్లిన్'.

విత్తనం ఒక్కటే చాలదు. ఆమ్ల నేలకు సున్నం వేయాలి. ఎరువులు కూడా వేయాలి. లోహం మరీ ఎక్కువైన చోట మంచి మట్టిని మందంగా కప్పాలి.

ఈ గడ్డి నేలను పట్టి ఉంచుతుంది, దుమ్మును ఆపుతుంది. కాని లోహం నేలలోనే ఉంటుంది. కొంత ఆకులోకి ఎక్కుతుంది. మేసేటప్పుడు ఆకుకు అంటిన మట్టితో మరింత పశువు కడుపులోకి పోతుంది. సీసపు విషమెక్కిన పశువు చూపు కోల్పోతుంది, పళ్లు కొరుకుతుంది, వణుకుతుంది, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. దూడలకు ముప్పు ఎక్కువ. పాలలోకి కూడా కొంత సీసం దిగుతుంది.

కనుక సభ్యులు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవాలి.

1. గని దిబ్బల మీదికి పశువులను తోలరాదు. అక్కడి గడ్డి కోసి తేరాదు.
2. దిబ్బల నుండి వచ్చే ఊట నీరు తాపరాదు.
3. పై లక్షణాలు కనబడితే వెంటనే పశువైద్యునికి చూపించాలి. ఆయన చెప్పేవరకు ఆ పశువు పాలు సంఘంలో పోయరాదు, ఇంట్లో వాడరాదు.